పట్టించుకోవద్దన్న సలహాను పట్టించుకోవద్దు

తెల్లవారుజామున నాలుగింటికే ఇంటిల్లిపాదినీ లేపే కుక్క గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట. పార్కులో బెల్టు పట్టుకుని తిరిగేవాళ్ళు, ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్లు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ప్రతిదానికీ జవాబున్న పెద్దమనిషి, జన్మలో కుక్కను పెంచని మేనమామ, అందరిదీ ఒకే పాట: "పట్టించుకోకండి. మీరు లేచారో, దానికి అలుసు. నాలుగు రోజులు ఓర్చుకోండి, అదే మానుకుంటుంది."

వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! పైసా ఖర్చు లేదు. మంచం దిగే పని లేదు. పైగా ముసుగు తన్ని పడుకోవడాన్నే క్రమశిక్షణ అని పిలుచుకోవచ్చు. అందుకే ఈ సలహాకు ఇంత గిరాకీ. అసలు ఎందుకూ పనికిరాదని నేననను. పనికొచ్చే చోటు ఒకటుంది, అక్కడికీ వస్తాను. కానీ ఏ కుక్కో, ఏ వయసుదో, రాత్రి ఏం తిన్నదో అడగకుండా అందరికీ ఇదే మొదటి మందుగా పంచిపెట్టడం కుక్కకు అన్యాయం, ఇంటికి నష్టం, కింది ఫ్లోరు వాళ్ళకైతే శిక్ష.

ముందు నిద్ర సంగతి తేల్చుకుందాం. మనం రాత్రంతా ఒక్క దఫాగా పడుకుంటాం కనుక కుక్క కూడా అలాగే పడుకుందనీ, నాలుగింటికి ఏదో దుర్బుద్ధి పుట్టి లేచిందనీ అనుకుంటాం. కుక్క నిద్ర అలా ఉండదు. ఆడమ్స్, జాన్సన్ అనే పరిశోధకులు పెంపుడు కుక్కల్ని రాత్రిళ్ళు గమనించి 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం, సగటున 16 నిమిషాలు నిద్ర, 5 నిమిషాలు మెలకువ, మళ్ళీ నిద్ర. రాత్రి పొడుగునా ఇదే వరస. అంటే మీ కుక్క పదకొండింటికీ లేచింది, ఒంటిగంటకూ లేచింది, మూడింటికీ లేచింది. లేచి, చెవులు రిక్కించి, ఏమీ లేదని నమ్మకం కుదిరాక చుట్టచుట్టుకుని పడుకుంది. మీకు తెలియనే తెలియదు. కాబట్టి నాలుగింటికి ఎందుకు లేచిందన్న ప్రశ్నతో మనకు పనిలేదు. మిగతా అన్నిసార్లూ తిరిగి పడుకున్నది ఆ ఒక్కసారీ ఎందుకు పడుకోలేకపోయింది? పట్టించుకోవద్దనేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గరికే రారు. మన దృష్టి కోసమే అరుస్తోందని ముందే తీర్పు రాసేసి, శిక్ష గురించి మాట్లాడతారు.

చాలాసార్లు జవాబు పొట్టలోనో, మూత్రాశయంలోనో ఉంటుంది. విజయవాడలో ఒక పశువైద్యుడి దగ్గర మా కుక్కకు టీకా వేయించడానికి వెళ్ళి వరసలో కూర్చున్నప్పుడు, ముందున్న రిటైర్డు మాస్టారికీ డాక్టరుకీ నడిచిన మాటలు ఇంచుమించు ఇలా సాగాయి. మాస్టారి పక్కన నేల మీద బోర్లా పడుకుని ముప్పై కిలోల ల్యాబ్రడారు.

"డాక్టరు గారూ, దీన్ని పట్టించుకోవద్దన్నారండి. నెలరోజులుగా పట్టించుకోవట్లేదు. మూడుమ్ముప్పావు కల్లా తలుపు గీకుతుంది."

"రాత్రి అన్నం ఎన్నింటికి పెడతారండీ?"

"సీరియల్ అయ్యాక. తొమ్మిదిన్నర, ఒక్కోరోజు పది."

"ఏం పెడతారు?"

"పెరుగన్నం. ఎండాకాలం కదండీ, మజ్జిగ ఎక్కువ పోసి పలచగా కలుపుతుంది మా ఆవిడ."

"ఆ తర్వాత కిందికి తీసుకెళ్తారా?"

"అన్నానికి ముందే తిప్పేస్తామండి. తిన్నాక నడిపించకూడదన్నారు."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "మాస్టారూ, పది గంటలకు గిన్నెడు మజ్జిగ తాగించి, తలుపేసి, తెల్లారేదాకా బిగబట్టమంటే మనవల్లనైనా అవుతుందటండీ?"

మందులేమీ రాయలేదు. అన్నం ఏడింటికి పెట్టమన్నాడు, మజ్జిగ కాకుండా గట్టి పెరుగుతో కలపమన్నాడు, పడుకునే ముందు పది నిమిషాలు కిందికి తీసుకెళ్ళి రెండుసార్లు కాలెత్తేదాకా అక్కడే నిలబడమన్నాడు. నీళ్ళ గిన్నె మాత్రం తీసేయొద్దని గట్టిగా చెప్పాడు. ఇదంతా మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాల ప్రశ్నలు ఎవరూ అడగకపోవడం వల్ల ఒక కుక్క నెలరోజులపాటు నిండిన మూత్రాశయంతో తలుపు గీకింది. ఇంట్లో వాళ్ళు మెలకువగా ఉండి, కళ్ళు మూసుకుని, దానికి బుద్ధి నేర్పుతున్నామనుకున్నారు.

పలచని పెరుగన్నంలో ముప్పాతిక వంతు నీళ్ళే. దానికి మనం వేసే ఉప్పు తోడు. రాత్రి మిగిలిన సాంబారన్నమో, చారన్నమో పెట్టే ఇళ్ళలో ఉప్పు మరికాస్త ఎక్కువ, దాహం ఎక్కువ, గిన్నె ఖాళీ చేయడం ఎక్కువ. దీనికి పూర్తిగా ఎదురు బాధ కూడా ఒకటుంది. సాయంత్రం ఆరింటికే తిండి ముగించేసిన కొన్ని కుక్కలకు తెల్లవారేసరికి కడుపు ఖాళీ అయి, పైత్యరసం ఎగదన్ని, పసుపుపచ్చ నురుగు కక్కుతాయి. కక్కే ముందు కాసేపు అటూ ఇటూ పచార్లు చేస్తాయి, పెదాలు నాక్కుంటాయి, గడ్డి కోసం బయటికి పోవాలని గుమ్మం దగ్గర నిలబడతాయి. ఇలాంటిదానికి పడుకోబోయే ముందు గుప్పెడు తిండి పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఒక కుక్కకు అన్నం ముందుకు జరపాలి, ఇంకోదానికి రాత్రి చివర్లో కాస్త పెట్టాలి. రెండింటికీ "పట్టించుకోవద్దు" అనే ఒకే మందు ఎలా సరిపోతుంది?

రెండో సంగతి గడియారం. ఈ విషయంలో మన ఇళ్ళ మీద నాకు కాస్త కోపమే. ధనుర్మాసం వచ్చిందంటే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది, ఇంట్లో ఆడవాళ్ళు నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుతారు, ముగ్గు పెడతారు. తలుపు తెరుచుకుంటుంది, లైట్లు వెలుగుతాయి, కుక్క వాకిట్లోకి పరిగెత్తి ముగ్గు తొక్కి తిట్లు తింటుంది, వంటింట్లో దానికో ముక్క దొరుకుతుంది. నెలరోజులు ఇదే పండగ. భోగి మంట ఆరింది, సంక్రాంతి అయింది, కనుమ మాంసం తిన్నారు, మర్నాటి నుంచి ఇంటికి మళ్ళీ ఏడింటిదాకా నిద్ర. కుక్క మాత్రం నాలుగున్నరకే హాజరు. అప్పుడు ఇంట్లో మాట: "దీనికి ఈ మధ్య ఏదో రోగం పట్టింది." కార్తీకంలో తెల్లవారుజాము దీపాలు పెట్టే ఇళ్ళలోనూ అంతే. ఇంటర్ పరీక్షలప్పుడు పిల్లాణ్ణి నాలుగింటికి లేపి టీ ఇచ్చి కూర్చోబెట్టే ఇళ్ళలోనూ అంతే. మే నెలలో తారు రోడ్డు కాలక ముందే తిప్పాలని అయిదింటికి తీసుకెళ్ళి, జూలైలో వాన పడుతోందని ఏడింటిదాకా దుప్పటి తీయని ఇళ్ళలోనూ అంతే. ఆ కుక్క ఏ తప్పూ చేయలేదు. మీరు నేర్పిన పాఠం అప్పజెబుతోంది, అంతే.

ఇది ఊరికే మాటవరసకు అనడం లేదు. రోజూ ఒకే వేళకు తిండి పెడితే, ఆ వేళ రాకముందే జంతువు హుషారై తిరగడం మొదలుపెడుతుందని ఎలుకలతో కర్ట్ రిక్టర్ అనే శాస్త్రవేత్త 1922లోనే చూపించాడు. కళ్ళు తెరవగానే గిన్నెలో తిండి పోసే ఇంట్లో కుక్కకు మీ లేవడమే తిండి గంట. అయిదింటికి లేపితే అయిదింటికే గిన్నె నిండుతుంటే అది నాలుగుంబావుకే ప్రయత్నం చేస్తుంది. ఇక్కడ కావాల్సిన పని మౌనం పాటించడం కాదు, లేవడానికీ తిండికీ మధ్య ముడి తెంపడం. లేచాక ముఖం కడుక్కుని, కాఫీ తాగి, పేపరు చూసి, కనీసం ముప్పావు గంట గడిచాక గిన్నె పెట్టాలి. అప్పుడు మిమ్మల్ని లేపడం వల్ల దానికి వచ్చే లాభం ఏముంటుంది?

సూర్యుణ్ణీ కాస్త లెక్కలోకి తీసుకోండి. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గర్లోంచే పోతుంది. అందుకే విశాఖలో జూన్ మొదట్లో అయిదుంబావు దాటగానే సూర్యోదయం, హైదరాబాదులో మరో ఇరవై నిమిషాలకు. అదే హైదరాబాదులో జనవరిలో ఆరుముప్పావు దాటితే గానీ పొద్దు పొడవదు. ఏడాదిలో గంటకు పైగా తేడా. వేసవిలో తెర లేని తూర్పు కిటికీ పక్కన పడుకున్న కుక్కకు అయిదింటికే పట్టపగలు. దానికి ముదురు రంగు తెర కట్టండి, చౌకలో పోతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ బాధ ఇంకో రూపంలో వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం ప్రభుత్వం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతుంది, నిన్నటిదాకా ఆరింటికి లేచిన కుక్క ఆ రోజు "అయిదింటికి" లేస్తుంది. డల్లాస్ నుంచి కూతురు ఫోన్ చేసి "అమ్మా, ఇది మారిపోయింది" అంటుంది. మారింది గోడ మీది గడియారం. ఆ కుక్కను పట్టించుకోకుండా వదిలేయమని సలహా ఇచ్చేవాళ్ళు అక్కడా ఉన్నారు.

చప్పుళ్ళ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45,000 దాకా పోతుంది. పాలవాడి బండి, పేపరు కుర్రాడు నాలుగో అంతస్తు బాల్కనీలోకి విసిరే పేపరు, వాటర్ ట్యాంకరు, సంపు మోటారు, ఊడ్చేవాళ్ళ చీపురు, వీధికుక్కల తెల్లవారుజాము పంచాయితీ. మనకు ఇవి అలవాటై వినిపించవు, వీధివైపు గదిలో కట్టేసిన కుక్కకు ప్రతిదీ విచారించాల్సిన కేసే. దాని పడకను లోపలి గదికి మార్చి ఫ్యాను కాస్త జోరుగా పెట్టి చూడని ఇంటివాళ్ళకు, అది మొండిదని చెప్పే హక్కు లేదు.

సరే, ఇవేవీ కావనుకుందాం. కడుపు బాగుంది, మూత్రం లేదు, చీకటిగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది, అయినా ఒట్టి పలకరింపు కోసమే మొరుగుతోంది. అప్పుడైనా ఈ సలహా పనిచేస్తుందా? పుస్తకం ప్రకారం పనిచేస్తుంది. ప్రతిఫలం పూర్తిగా ఆగిపోతే ప్రవర్తన ఆరిపోతుంది, అది నిజం. కానీ అదే పుస్తకంలో ఇంకో రెండు సంగతులు కూడా ఉన్నాయి, వాటిని మన సలహాదారులు మింగేస్తారు. ప్రతిఫలం ఆపిన మొదట్లో ఆ ప్రవర్తన తగ్గదు, విజృంభిస్తుంది. మూలిగేది మొరుగుతుంది, మొరిగేది తలుపు మీదికి దూకుతుంది. ఇక రెండోది, ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 1957లో అచ్చువేసిన లావుపాటి గ్రంథం నిండా ఉన్నది: ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకప్పుడు ప్రతిఫలం దొరికితే, ఆ అలవాటు అన్నిటికన్నా గట్టిగా పాతుకుంటుంది.

ఇప్పుడు మన ఇంట్లోకి వచ్చి చూడండి. కొడుకు పట్టుదలగా మూడు రోజులు కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు కుక్క గొంతు చించుకుంది. తాతయ్యకు ఎలాగూ నాలుగింటికే మెలకువ, ఆయన లేచి, "ఏరా, ఎందుకురా ఆ అరుపు, ఇటు రా" అని తల నిమిరి, రెండు మేరీ బిస్కెట్లు తినిపించారు. కొడుక్కి తెలియదు. అయిదో రోజు కోడలికి ఆఫీసులో మీటింగు, నిద్ర చాలక విసుక్కుని తలుపు తీసి ఒక్క కేక వేసింది. కేక కూడా పలకరింపే. ఆరో రోజు మళ్ళీ నిష్ఠ. కుక్క నేర్చుకున్నది ఏమిటి? మామూలుగా మొరిగితే లాభం లేదు, గొంతు పోయేదాకా మొరిగితే నాలుగో రోజుకి బిస్కెట్టు. ఇంతకన్నా పక్కాగా మొరగడం నేర్పాలంటే జీతమిచ్చి ట్రైనర్ని పెట్టుకోవాలి.

"అందుకే అందరూ ఒక్కమాట మీద ఉండాలి" అంటారు. ఉండాలి. తాతయ్య, నాయనమ్మ, బడికెళ్ళే పిల్లలు, పొద్దున్నే వచ్చే పనిమనిషి, వీళ్ళందరూ ఒక్కమాట మీద ఉండే ఇల్లు నాకైతే తగల్లేదు. టీవీ రిమోటు విషయంలోనే కుదరని ఐకమత్యం తెల్లవారుజామున నిద్రకళ్ళతో కుదురుతుందా? మనుషులు ఎలా ఉంటారో తెలిసి కూడా వాళ్ళు అలా ఉండరన్న లెక్క మీద ఇచ్చే సలహా మంచి సలహా ఎలా అవుతుంది?

పోనీ ఇంట్లో అందరూ నిజంగానే బిగబట్టారనుకుందాం. గోడకు అవతలివాళ్ళ మాటేమిటి? మన శబ్ద కాలుష్య నియమాలు (2000) రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా రాత్రి వేళ అంటాయి. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు కుక్కల్ని పెంచేవాళ్ళకు గట్టి అండ. కుక్క మొరుగుతోందన్న సాకుతో అపార్ట్‌మెంటు సంఘం పెంపకాన్ని నిషేధించడానికి వీల్లేదు. సంఘం మీటింగుల్లో ఈ వాక్యం చదివి వినిపించేవాళ్ళు దాని పక్కనే ఉన్న మాటను దాటేస్తారు: అదేపనిగా మొరిగితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది కనుక, ముఖ్యంగా రాత్రివేళ, దాన్ని ఊరుకోబెట్టడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని. దుప్పటి ముసుగేసుకోవడం ఆ ప్రయత్నాల్లో ఒకటని కింది ఫ్లోరులో పసిబిడ్డను జోకొట్టే తల్లికి వెళ్ళి చెప్పండి, చూద్దాం.

ఇంకా ఘోరం, ఈ మౌనం మౌనంగా ఉండదు. నాలుగైదు రోజులు ఓర్చుకున్న మనిషికి, తాను ఎంతో సహనం చూపించాననీ కుక్కే మొండికేసిందనీ అనిపిస్తుంది. అప్పుడు చెప్పు విసురుతాడు. తర్వాత న్యూస్ పేపరు చుట్ట. ఆ తర్వాత రాత్రిళ్ళు బాల్కనీలో గొలుసు, లేదా మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన. పైకి పంపేస్తే నిద్ర పడుతుంది కదా! 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షను, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టేయడాన్నీ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడాన్నీ నేరాల్లో చేర్చింది. మేడ మీది కుక్క యజమానుల్లో ఎంతమంది తమను తాము నేరస్థులనుకుంటారు? "పట్టించుకోవద్దన్నారు, చేశాం, వినలేదు, ఇంకేం చేయాలి" అంటారు. ఆ సలహా వాళ్ళను మెల్లగా నడిపించి ఆ మెట్ల దాకా తీసుకొచ్చింది.

ఈ సలహా వెనక ఇంకో పాత నమ్మకం నక్కి ఉంటుంది. కుక్క తోడేలు సంతతి, గుంపులో నాయకత్వం కోసం ఎత్తులు వేస్తుంది, పొద్దున్నే మిమ్మల్ని లేపడం అధికారం చలాయించడమే అని. ఈ కథకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ళను చూసి 1947లో రాసినది. దాన్ని 1970లో తన పుస్తకంతో లోకమంతా చాటిన పరిశోధకుడు డేవిడ్ మీచ్, తర్వాత ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, 1999లో తానే ఆ మాట సరికాదన్నాడు. అడవిలో గుంపంటే తల్లీ, తండ్రీ, పిల్లలూ. కుర్చీ కోసం కొట్లాట లేదు. చెప్పినవాడే వెనక్కి తీసుకున్న మాటను మన ట్రైనర్లు ఇంకా అమ్ముకుంటున్నారు.

ఇంతవరకూ చెప్పినవి నిద్ర పాడయ్యే నష్టాలు. ఈ సలహా నిజంగా హాని చేసే కుక్కలు మూడు రకాలు. మొదటిది పసికూన. వయసు నెలలకు ఒకటి కలిపితే ఎన్నో అన్ని గంటలు మూత్రం ఆపుకోగలదని వైద్యులు చెప్పే బండలెక్క. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదని 2017 నిబంధనలు చెబుతున్నా, మన దగ్గర నలభై అయిదు రోజుల పిల్ల చేతులు మారడం మామూలు. నిన్నటిదాకా తల్లి పొట్టకింద, తోబుట్టువుల మధ్య పడుకున్న ఆ ప్రాణి కొత్త ఇంట్లో హాల్లో ఒంటరిగా ఏడుస్తుంటే, ఏడవనీ అలవాటవుతుందనేవాళ్ళు అది దేనికి అలవాటవుతుందో చెప్పరు. పిలిచినా ఎవరూ రారన్నదానికి అలవాటవుతుంది. పడకగదిలోకి కుక్క రాకూడదని నాయనమ్మ మడి అడ్డమైతే గడప అవతలే గోనెపట్టా వేయండి. ఇవతలి నుంచి చెయ్యి చాపితే అందేంత దూరం చాలు, గడప దాటక్కర్లేదు.

రెండోది మందులు వాడుతున్న కుక్క, లేదా జబ్బు బయటపడని కుక్క. చర్మం దురదకు ప్రెడ్నిసలోన్ మన దగ్గర ధారాళంగా రాస్తారు. ఆ మాత్ర వేసుకున్న కుక్కకు విపరీతమైన దాహం, విపరీతమైన ఆకలి, మాటిమాటికీ మూత్రం. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, కుషింగ్స్ జబ్బు కూడా ఇలాగే నీళ్ళ గిన్నెతోనే మొదట పట్టుబడతాయి. ఎప్పుడూ ఆరింటిదాకా పడుకునే ఆరేళ్ళ కుక్క ఉన్నట్టుండి మూడింటికి లేపుతోందంటే, దానికి కొత్తగా పొగరెక్కిందనుకోవడం కన్నా ఒక మూత్ర పరీక్ష, ఒక రక్త పరీక్ష చేయించడం నయం.

మూడోది ముసలిది. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 11-12 ఏళ్ళ కుక్కల్లో 28 శాతానికి, 15-16 ఏళ్ళవాటిలో 68 శాతానికి మతిమరుపు లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. దిక్కు తెలియకపోవడం, ఇంట్లోనే తడిపేయడం, మనుషులతో మెలగడం మారిపోవడం, పగలు పడుకుని రాత్రి తిరగడం, ఇవీ వాళ్ళు చూసిన లక్షణాలు. అలాంటి కుక్క తెల్లవారుజామున గోడ మూలకు ముఖం పెట్టి నిలబడి మొరుగుతుంది. దాని దృష్టిలో తాను ఎక్కడో తప్పిపోయింది. వెళ్ళి పేరు పెట్టి పిలిచి, ఒంటి మీద చెయ్యేసి, పడక దాకా నడిపించుకురావాలి. హాల్లో చిన్న దీపం వెలిగించి ఉంచాలి. కీళ్ళ నొప్పి వల్ల చల్లటి గచ్చు మీంచి లేవలేక మూలుగుతోందేమో చూడాలి. వీటికి మందులున్నాయి, అడిగితే వైద్యుడు చెబుతాడు. దీన్ని పట్టించుకోవద్దని చెప్పినవాడి మీద నాకు గౌరవం ఉండదు.

మరి ఏం చేయమంటావు, కుక్క పిలిచినప్పుడల్లా లేవమంటావా అని అడుగుతారు. అననండి. అది పిలవకముందే లేవమంటాను. కుక్క రోజూ నాలుగున్నర ప్రాంతంలో లేపుతోందనుకోండి, నాలుగుంబావుకే ఫోనులో అలారం పెట్టుకోండి. మొరగకముందే, మీ అంతట మీరు, లైటు వేయకుండా, ముద్దుమాటలు లేకుండా, కిందికి తీసుకెళ్ళి తీసుకొచ్చి మళ్ళీ పడుకోబెట్టండి. తిండి లేదు, బంతి లేదు. దీనివల్ల మొరగడానికీ మీరు లేవడానికీ ఉన్న సంబంధం తెగిపోతుంది, పొట్టా తేలికవుతుంది. అది అలవాటయ్యాక అలారాన్ని రెండు మూడు రోజులకోసారి పది నిమిషాలు ఆలస్యంగా మోగేలా జరుపుతూ పోండి. ఎక్కడైనా మళ్ళీ మొరిగితే రెండు మెట్లు ముందు వేళకు రండి, కొన్నాళ్ళాగి మళ్ళీ జరపండి. దీనితో పాటే రాత్రి అన్నం వేళ, ఆఖరి విడత నడక, పొద్దుటి గిన్నె వేళ సర్దుకుంటారు కదా. ఇందులో మాయ ఏమీ లేదు, కొన్ని వారాల నిద్ర చెడుతుంది. ఎలాగూ చెడుతున్న నిద్రే.

ఇలా చేస్తే కుక్క గెలిచినట్టు కాదా అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. పోటీ ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

ఇక ముందు మాటిచ్చిన ఆ ఒక్క చోటు. వైద్యుడు చూసి ఏ జబ్బూ లేదన్నాడు, పిల్లకూన కాదు, ముసలిదీ కాదు. కిందికి తీసుకెళ్ళి అయిదు నిమిషాలైనా కాలేదు, అన్నీ అయ్యాయి, తిరిగొచ్చి పడుకుంది. అయినా ఆడుకుందాం రమ్మని ముక్కుతో పొడుస్తోంది. అప్పుడు పట్టించుకోకండి, నిశ్చింతగా. కానీ ముందే తాతయ్యకు చెప్పి బిస్కెట్ల డబ్బా పై అరలో పెట్టండి, పక్కింటివాళ్ళకూ కింది ఫ్లోరు వాళ్ళకూ ఒక మాట చెప్పి వారం రోజులు ఓర్చుకోమనండి. అప్పుడది సలహా. ఇవేవీ లేకుండా లిఫ్టులో విసిరేది ఊసుపోక మాట.

వారం పొడుగునా అయిదింటికి లేచి ఆదివారం మాత్రం ఎనిమిదింటిదాకా పడుకోవాలంటే దానికి నా దగ్గరా ఉపాయం లేదు, ఎవరి దగ్గరా లేదు. కుక్కకు ఆదివారం తెలియదు. లేచి తిప్పి తీసుకొచ్చి మళ్ళీ పడుకోవడమే. దానికి పావుగంటలో నిద్ర పడుతుంది. మీకు పట్టకపోతే ఫోను పక్కన పెట్టి చూడండి.